పెరటి దడి: రెండు దేశాల ముళ్ళకంచెల కథ

ఈ కార్యక్రమంలో మామూలుగా పెద్దవాళ్ళు వచ్చి సాహిత్యం గురించో, సంగీతం గురించో మాట్లాడతారు. నేను మాట్లాడబోయేది కంప గురించి. అవునండీ, మీరు విన్నది కరెక్టే. ముళ్ళకంప, ఎండుకొమ్మలు, వాటిమీద పాకే తీగలు. ఇతగాడు ఐ.టి. కన్సల్టెంటు కదా, కంపతో ఇతనికేం పని అని మీకు అనిపిస్తే తప్పులేదు. 2022 ఫిబ్రవరి దాకా నాకూ కంపతో ఏ పనీ లేదు.

మేముండేది నార్తాంప్టన్‌షైర్‌లోని కెటరింగ్‌లో. కాంట్రాక్టు ఉద్యోగం కనక క్లయింటు ఎక్కడుంటే అక్కడికి తిరుగుతూ, చివరికి ఇక్కడ ఒక చిన్న ఇల్లు కొనుక్కుని స్థిరపడ్డాం. ఆ ఏడాది ఫిబ్రవరి మొదట్లో అమ్మ విజిటర్ వీసా మీద ఆర్నెల్లుందామని వచ్చింది. వచ్చి రెండు వారాలైందో లేదో యూనిస్ తుఫాను వచ్చింది. ఫిబ్రవరి 18, శుక్రవారం. వైట్ ద్వీపం కొసన నీడిల్స్ దగ్గర గంటకు 122 మైళ్ళ వేగంతో గాలి వీచిందని ఆ సాయంత్రం వార్తల్లో చెప్పారు. మా వైపు అంత లేదు గానీ, ఉన్నదే సరిపోయింది. నేను మీటింగులో ఉండగా పెరట్లో ఫటఫటమని చప్పుడైంది. వెళ్ళి చూస్తే మాకూ పక్కింటికీ మధ్యనున్న చెక్కపలకల కంచెలో ఐదు పలకలు వరసగా పడుకుని ఉన్నాయి.

కంచె వేసేవాళ్ళకి ఫోన్లు చేశాను. అందరిదీ ఒకటే మాట, మే నెల దాకా ఖాళీ లేదని. ఒకాయన మాత్రం ధర చెప్పాడు. దాన్ని రూపాయల్లోకి మార్చి అమ్మకి చెప్పడం నేను చేసిన పొరపాటు.

"ఒరేయ్, ఆ డబ్బుతో ఊళ్ళో చేను చుట్టూ ప్రహరీ కట్టొచ్చు. వీధి నిండా ఇన్ని కొమ్మలు పడున్నాయి. దడి కట్టుకోలేరా మీరు?" అంది.

ఇక్కడ ఒక చిన్న పిడకలవేట. ఇంగ్లండులో ఇల్లు కొన్న మనవాళ్ళలో చాలామందికి, ఇంటికి ఎడమవైపు కంచె మనది, కుడివైపుది పక్కవాళ్ళది అని ఒక నమ్మకం ఉంది. అది చట్టమేమీ కాదు. ఇంటి కాగితాల్లో ప్లాను ఉంటుంది. దానిలో సరిహద్దు గీత మీద ఇంగ్లీషు 'టి' అక్షరంలాంటి గుర్తు ఏ వైపు ఉంటే, ఆ కంచె సాధారణంగా ఆ వైపు వాళ్ళది. మా ప్లానులో ఆ గుర్తు మా వైపే ఉంది. అంటే గండి మాది. పూడ్చుకోవలసింది మేము. రెండు మీటర్ల ఎత్తు మించకుండా, రోడ్డు పక్కనైతే ఒక మీటరు మించకుండా కట్టుకుంటే మామూలుగా ప్లానింగు అనుమతి కూడా అక్కర్లేదు. ఇవన్నీ చదివాక అమ్మకి ఎదురుచెప్పడానికి నా దగ్గర కారణాలేమీ మిగల్లేదు.

మా అమ్మది ఒంగోలు పక్కన ఒక పల్లె. అక్కడ దడి కట్టాలంటే చిల్లకంప. పంగలకర్రతో ఎత్తి, గుంజల మధ్య కుక్కి, కాలితో తొక్కి, అడ్డంగా బద్దలు పెట్టి తాటినారతో బిగిస్తారు. వాన పడగానే దాని మొదట్లో బీర, సొర, చిక్కుడు, కాకర గింజలు పెడతారు. రెండు నెలలకి దడి కనపడదు, పాదు కనపడుతుంది. ఇక్కడ చిల్లకంప లేదు. మా వీధి చివర ట్రీ సర్జన్లు విరిగిన చెట్లు కోస్తున్నారు. కొమ్మల్ని తోలుకుపోవడం వాళ్ళకి ఖర్చు. అడిగితే సంతోషంగా మా వాకిట్లో పోసి పోయారు.

పద్ధతి చెబుతాను, మీలో ఎవరికైనా పనికి రావచ్చు. రెండు వరసల్లో గుంజలు పాతాలి. వరసకీ వరసకీ మధ్య మూరెడు పైన, గుంజకీ గుంజకీ మధ్య రెండడుగులు. గుంజలకి స్వీట్ చెస్ట్‌నట్ కర్ర మంచిది, మట్టిలో త్వరగా పుచ్చదు. పచ్చి విల్లో కర్ర పాతారో, అది వేళ్ళు తొడిగి చెట్టై కూర్చుంటుంది. రెండు వరసల మధ్య కొమ్మల్ని పొడుగ్గా పడుకోబెట్టాలి. లావువి అడుగున, సన్నవి పైన. ప్రతి పొరకీ తొక్కాలి. ఒకే వైపు మొదళ్ళు పడితే దడి ఒక పక్కకి ఒరుగుతుంది కాబట్టి మొదలూ చివరా మార్చి మార్చి వేయాలి. బ్లాక్‌బెర్రీ ముళ్ళతీగ ముక్కలు మాత్రం వేయకండి, ఎక్కడ నేల తగిలితే అక్కడ మొలుస్తాయి. ఇదంతా మార్చి లోపల అయిపోతే మంచిది. ఆ తర్వాత పిట్టలు గూళ్ళు పెట్టుకునే కాలం. అడుగున ఒక చోట 13 సెంటీమీటర్ల చదరపు సందు వదిలితే హెడ్జ్‌హాగ్ అనే ముళ్ళ జంతువు తోటనుంచి తోటకి తిరగగలుగుతుంది.

అమ్మ స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకుని, తలకి మఫ్లరు చుట్టుకుని, కొమ్మల మీద నిలబడి తొక్కుతుంటే మా ఆవిడ వీడియో తీసి ఊరికి పంపింది. మా ఆవిడది నల్గొండ వైపు. "అత్తయ్యా, దీన్ని మేం ఎలుగు అంటాం" అంది. నిజమే, తెలుగులో వెలుగు అన్న మాటకి దీపపు వెలుగే కాకుండా కంచె అన్న అర్థం కూడా ఉంది. తమిళంలో వేలి. మా వైపు ఆ మాట పోయి దడి, కంప మిగిలాయి.

మూడో రోజు మా తలుపు సందులోంచి ఒక చీటీ వచ్చి పడింది. పక్కింటి పెద్దాయన రాసింది. ఆయన బూట్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి. కెటరింగ్ ఒకప్పుడు బూట్లకి పేరుపొందిన ఊరు. భార్య పోయాక ఒక్కడే ఉంటున్నారు. చీటీలో మర్యాదగానే రాశారు. ఈ చెత్తకుప్ప ఎప్పుడు తీస్తారు, దీనిలో ఎలుకలు చేరతాయని తనకి భయంగా ఉంది, అని. నాకు గుండె గుభేలుమంది. పరాయిదేశంలో పక్కింటివాళ్ళతో సరిహద్దు గొడవ అంటే ఎవరికి మాత్రం భయం ఉండదు? మర్నాడు తీసేద్దామనే అనుకున్నాను. అమ్మ ఒప్పుకోలేదు. "పూర్తయ్యాక చూసి అప్పుడు చెప్పమను" అంది. నేను వెళ్ళి, రెండు వారాలు గడువివ్వండి, మీకు అప్పటికీ నచ్చకపోతే పలకలే పెట్టిస్తాను అని చెప్పి వచ్చాను.

రెండు వారాలయ్యాక ఆయనే వచ్చారు. దడిని చేత్తో ఊపి చూశారు. కదల్లేదు. "ఇదా మీరు కట్టింది? ఇది డెడ్ హెడ్జ్ కదా!" అన్నారు. అంటే చచ్చిన కంచె. ఆ మాట నేను అంతకుముందు వినలేదు. అమ్మకి అర్థం చెబితే, "చావడమేంటి, అపశకునం" అని మొహం చిట్లించింది. ఆ మాట పట్టుకుని చదవడం మొదలుపెట్టాను. లైబ్రరీకి వెళ్ళడం నా పిల్లలకి తప్ప నాకు అలవాటు లేదు, అప్పుడు అలవాటైంది. ఇప్పుడు మీకు చెప్పబోయేది ఆ చదువు ఫలితం.

ఇంగ్లీషులో క్విక్ అంటే ఇప్పుడు మనకి వేగం. పాతరోజుల్లో దాని అర్థం ప్రాణం ఉన్నది. నాటి పెంచిన కంచె క్విక్ హెడ్జ్, కొట్టి పేర్చిన కంచె డెడ్ హెడ్జ్. హాథార్న్ అనే చెట్టు పేరుకి అర్థమే కంచె ముల్లు. టౌన్ అన్న మాటకి మూలమైన పాత ఇంగ్లీషు 'టూన్' కి మొదటి అర్థం కంచె వేసిన జాగా. దాని చుట్టమైన జర్మన్ 'త్సౌన్' ఇప్పటికీ కంచే. డచ్చి భాషలో అదే మాట 'టౌన్' అని పలికితే తోట. అంటే ఈ ప్రజలకి ఊరూ తోటా రెండూ కంచెలోంచే పుట్టాయి.

కొమ్మల్ని, ముళ్ళని కలిపి గోడలా అల్లడం ఇక్కడ ఎంత పాతదంటే, క్రీ.పూ. 57లో జూలియస్ సీజర్ ఇప్పటి బెల్జియం ప్రాంతంలో నెర్వీ అనే తెగ మీదికి వెళ్ళినప్పుడు అలాంటి కంచెలు తన సేనకి అడ్డం వచ్చాయని రాసుకున్నాడు. లేత చెట్లని కోసి వంచి, మధ్యలో ముళ్ళపొదలు కూర్చి, దూరడానికే కాదు, అవతల ఏముందో చూడటానికి కూడా వీల్లేకుండా చేశారట.

నన్ను కట్టిపడేసింది మాత్రం ఇంకో సంగతి. ఇంగ్లండు అనే దేశం ఇంకా ఏర్పడని రోజుల్లో, దక్షిణాన వెసెక్స్ రాజ్యాన్ని ఐనే అనే రాజు 688 నుంచి 726 వరకూ పాలించాడు. ఆయన చట్టాలు మిగిలి ఉన్నాయి. వాటిలో ఒకటి, సామాన్య రైతు తన ఇంటి దొడ్డికి చలికాలమూ ఎండాకాలమూ కంచె ఉంచుకోవాలంటుంది. కంచె లేక, తన గండిలోంచే పక్కవాడి పశువు లోపలికి వస్తే, ఆ రైతుకి పరిహారం అడిగే హక్కు లేదు. ఇంకో చట్టం ఇంకా బావుంది. కొందరు రైతులకి కలిపి ఒక మేతభూమి ఉండి, వంతుల వారీగా కంచె కట్టుకోవలసి ఉంటే, కొందరు కట్టి కొందరు కట్టక, పశువులు పడి మేసేస్తే, గండి ఎవరి వంతులో ఉందో వాళ్ళు మిగతావాళ్ళకి నష్టం కట్టివ్వాలి.

ఇది చదివి అమ్మకి చెప్పాను. అమ్మ ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "మన ఊళ్ళో అంతేగా. గొడ్డు చేలో పడిందని ఎవడైనా వస్తే, మీ తాతయ్య మొదట అడిగేది, నీ దడి ఎట్లా ఉందిరా అని. దడి సరిగా లేనోడికి నోరెత్తే పని లేదు" అంది. ఆ తర్వాత మాట బందెలదొడ్డి మీదికి మళ్ళింది. పంటలో పడ్డ గొడ్డుని తోలుకెళ్ళి బందెలదొడ్డిలో పెట్టడం, డబ్బు కట్టి విడిపించుకోవడం మనవాళ్ళకి తెలిసిందే. బ్రిటిష్‌వాళ్ళు 1871లో పశువుల అతిక్రమణ మీద చేసిన చట్టంలో ఆ ఏర్పాటంతా ఉంది. తాతయ్య ఎప్పుడో ఒకసారి గేదెని విడిపించడానికి పుస్తెలు తాకట్టు పెట్టాల్సి వచ్చిందని ఆ రోజే మొదటిసారి విన్నాను.

ఇక కొమ్మల సంగతి. చచ్చిన కంచెకి ఉన్న పెద్ద ఇబ్బంది, అది పుచ్చిపోతుంది. ఏటేటా కొత్త కొమ్మలు కావాలి. మరి కొమ్మలెక్కడివి? మధ్యయుగపు ఇంగ్లండులో ఊరి రైతులకి దొరగారి అడవిలోంచో, ఉమ్మడి బంజరులోంచో కంచెకి కావలసిన కంప కొట్టుకునే హక్కు ఉండేది. హెడ్జ్‌బోట్, హేబోట్ అని దానికి పేర్లు. లామస్ భూములని కొన్ని ఉండేవి. గడ్డి పెరిగే కాలంలో వాటికి కంచె కట్టి ఎవరి వంతు వాళ్ళు కోసుకునేవారు. ఆగస్టులో లామస్ పండగనాటికి కంచె తీసేసి ఊరందరి పశువుల్నీ వదిలేవారు. ఎండుకంచెకి ఈ వెసులుబాటు ఉంది. తీసేయొచ్చు. ఏడాదిలో సగం రోజులు పొలం నాది, మిగతా సగం ఊరిది.

ఆ కంచె ఎండుకట్టెలే కదా. చలికాలంలో పొయ్యిలోకి లేని బీదవాళ్ళు రాత్రిపూట పక్కవాడి కంచె పీక్కుపోయేవారు. మేనరు కోర్టుల్లో ఈ కేసులు మామూలు. 1601లో మొదటి ఎలిజబెత్ రాణి పార్లమెంటు చేసిన ఒక చట్టం కంచె విరిచినవాళ్ళనీ, తోటల్లో పండ్లు దొంగిలించినవాళ్ళనీ ఒకే గాట కట్టింది. నష్టం కట్టాలి, కట్టలేకపోతే కొరడాదెబ్బలు. కట్టెలు కొనలేనివాడు నష్టపరిహారం ఎక్కడ కడతాడు? దెబ్బలు ఎవరికి పడ్డాయో వేరే చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత ఆరేళ్ళకి మా ఊరి పక్కనే పెద్ద అల్లరి జరిగింది. కెటరింగ్‌కి ఉత్తరాన నాలుగైదు మైళ్ళలో న్యూటన్ అనే చిన్న పల్లె ఉంది. నేను అంతకుముందు ఎన్నోసార్లు ఆ దారిన కారులో వెళ్ళి ఉంటాను. పదహారో శతాబ్దం నుంచీ భూస్వాములు ఉమ్మడి భూముల్ని కంచెలు వేసి కలుపుకుని, గొర్రెల మేతకి మార్చుకుంటూ వచ్చారు. గొర్రెలుంటే పాలేర్లతో పని తక్కువ, ఉన్నికి ధర ఎక్కువ. 1607 వసంతంలో నార్తాంప్టన్‌షైర్, వారిక్‌షైర్, లెస్టర్‌షైర్ జిల్లాల జనం వేలకొద్దీ వచ్చి ఆ కంచెలు పీకి, కందకాలు పూడ్చడం మొదలుపెట్టారు. వాళ్ళ నాయకుడు జాన్ రేనాల్డ్స్ అనే ఒక కళాయి పనివాడు. పక్కన డెస్‌బరో ఊరివాడు. నడుముకి ఒక సంచి కట్టుకుని తిరిగేవాడు కనక కెప్టెన్ పౌచ్ అని పేరు. ఆ సంచిలో ఉన్నది మిమ్మల్ని అందరినీ కాపాడుతుందని జనానికి చెప్పేవాడు.

జూన్ 8న న్యూటన్‌లో ట్రెషమ్ కుటుంబం వేసిన కంచెల దగ్గర సుమారు వెయ్యిమంది చేరారు. వాళ్ళని చెదరగొట్టడానికి పిలిచిన స్థానిక దళాలు ముందుకు రావడానికి వెనకాడితే, పెద్దమనుషులు తమ సొంత నౌకర్లని గుర్రాలెక్కించి పంపారు. నలభై, యాభైమంది చచ్చిపోయారు. నాయకులని ఉరితీసి ముక్కలు చేశారు. కెప్టెన్ పౌచ్ దొరికాక సంచి విప్పి చూస్తే దానిలో ఒక జున్నుముక్క ఉందట. ఈ కథ చెప్పేవాళ్ళందరూ ఆ జున్ను దగ్గర నవ్వుతారు. నాకు నవ్వు రాలేదు. ఒక శనివారం పిల్లల్ని తీసుకుని న్యూటన్ వెళ్ళాను. గొర్రెలు మేస్తున్నాయి. చుట్టూ ఎత్తుగా, దట్టంగా, పూలతో హాథార్న్ కంచెలు. ఎవరు గెలిచారో చూస్తే తెలుస్తుంది.

తర్వాతి కంచెలు పార్లమెంటు చట్టాలతో వచ్చాయి. 1604 నుంచి 1914 వరకూ ఇలాంటివి 5,200 పైచిలుకు. వాటి కింద పోయిన ఉమ్మడి భూములు 68 లక్షల ఎకరాలు, అంటే ఇంగ్లండులో అయిదో వంతు కన్నా ఎక్కువ. ఎవరికి పంచిన భూమికి వాళ్ళు గడువులోగా కంచె వేసుకోవాలి. చిన్నరైతుకి ఆ కంచె ఖర్చే పెద్ద భారమై, వచ్చిన ముక్క అమ్ముకుని కూలికి పోయాడు. ఇక్కడే మన ఎండుకంచె మళ్ళీ వస్తుంది. నాటిన హాథార్న్ మొక్కలు చిన్నవి, గొర్రె నోటికి అందుతాయి. వాటికి కాపలాగా రెండు వైపులా కొయ్యలో, ఎండుకంపో కట్టేవారు. నాలుగైదేళ్ళకి చచ్చిన కంచె మట్టిలో కలిసిపోయేది, బతికిన కంచె నిలబడేది. ఆగస్టులో తీసేసే కంచె పోయి, ఎప్పటికీ తీయని కంచె వచ్చింది. కవి జాన్ క్లేర్ ఊరు హెల్ప్‌స్టన్ కూడా అప్పట్లో మా నార్తాంప్టన్‌షైర్‌లోనిదే. 1809లో దానికి చట్టం వచ్చింది. చిన్నప్పుడు తిరిగిన బీళ్ళు మూసుకుపోయాయని జీవితమంతా బాధపడిన ఆ మనిషి, కూలి కోసం ఆ కంచె మొక్కలు నాటే పనికి తానే వెళ్ళాడు.

ఇంతవరకూ ఇది వీళ్ళ కథ. వీళ్ళు మన దేశం వచ్చి కట్టిన కంచె ఒకటుంది. నేను పదో తరగతి దాకా చదివిన ఏ చరిత్ర పుస్తకంలోనూ దాని ఊసు లేదు.

పందొమ్మిదో శతాబ్దంలో బెంగాల్ ప్రెసిడెన్సీలో ఉప్పు మీద పన్ను చాలా ఎక్కువ. పశ్చిమాన రాజపుతానా సంస్థానాల నుంచి చవక ఉప్పు దొంగతనంగా రాకుండా బ్రిటిష్‌వాళ్ళు ఒక సుంకపు సరిహద్దు పెట్టారు. 1869 నాటికి అది సింధు నది నుంచి మహానది వైపు 2,300 మైళ్ళ పొడుగు. కాపలాకి సుమారు 12,000 మంది. ఆ గీత మీద చాలాచోట్ల వాళ్ళు కట్టింది ఏమిటనుకుంటున్నారు? ముళ్ళకంప దడి. అచ్చంగా మా అమ్మ కట్టిందే, కాకపోతే వందల మైళ్ళు.

1867లో సుంకాల కమిషనర్‌గా వచ్చినాయన పేరు మీరు విన్నదే. అలన్ ఆక్టేవియన్ హ్యూమ్. 1885లో భారత జాతీయ కాంగ్రెస్ పుట్టుకకి ముఖ్యుడైన హ్యూమే. ఆయన లెక్క వేశాడు. ఎండుకంచె ఒక మైలుకి 250 టన్నుల కంప కావాలి. పావు మైలు నుంచి ఆరు మైళ్ళ దూరాన్నుంచి మోసుకురావాలి. తెచ్చి కడితే చెదలు తింటాయి, ఎలుకలు కొరుకుతాయి, నిప్పంటుకుంటుంది, గాలివానకి ఫర్లాంగులకి ఫర్లాంగులు ఎగిరిపోతుంది. దీనికన్నా బతికిన కంచె నయమని ఆయన నిర్ణయించాడు. రేగు, తుమ్మ, వాక, జెముడు, నాగజెముడు నాటించాడు. వీటన్నిటినీ కలిపి అల్లడానికి ముళ్ళతీగ ఒకటి పాకించారు. ఆ తీగ ఏమిటో తెలిసినప్పుడు నేను కుర్చీలోంచి లేచాను. గచ్చకాయ తీగ. చిన్నప్పుడు మనందరం అరుగుల మీద ఆడుకున్న గచ్చకాయలే. మంచి చోట్ల ఆ కంచె మనిషిని మించిన ఎత్తు పెరిగింది. అయినా చివరిదాకా వందల మైళ్ళు ఎండుకంపగానే ఉండిపోయింది. దాని వెనక మనిషి, తన గేదెకో తన గంజికో నాలుగు ఉప్పురాళ్ళు తెచ్చుకుంటే నేరం.

కంచే చేను మేస్తే అని మనకొక మాట ఉంది కదా, ఇది అదే.

1879 ఏప్రిల్ 1న ఆ సరిహద్దు ఎత్తేశారు. దయ కలిగి మాత్రం కాదు. రాజపుతానాలో సాంభర్ లాంటి ఉప్పు కేంద్రాలని గుత్తకి తీసుకున్నారు, అన్ని రాష్ట్రాల్లో పన్ను దాదాపు సమానం చేశారు. సమానం ఎలా అయిందంటే, బెంగాల్‌లో కొంచెం తగ్గించి మద్రాసు, బొంబాయిల్లో పెంచారు. మద్రాసులో మణుగుకి రూపాయి 13 అణాలున్న పన్ను 1878లో 2 రూపాయల 8 అణాలైంది. అప్పుడే కదా 1876-78 కరువు మన కడప, కర్నూలు, బళ్ళారి, నెల్లూరు జిల్లాలని ఊడ్చుకుపోయింది. ఆ కరువులోంచి బయటపడ్డ మనిషి గంజిలో ఉప్పు మీద ఆ పెంచిన పన్ను పడింది. ఉత్తరాదిలో కంచె తీసిన ఖర్చు మనవాళ్ళూ కట్టారన్నమాట. ఒంగోలు అప్పట్లో నెల్లూరు జిల్లాలోదే. మా పూర్వీకులు కట్టకుండా ఉండే అవకాశం లేదు.

ఇంత పెద్ద కంచె జనం జ్ఞాపకంలోంచే పోయింది. రాయ్ మాక్సమ్ అనే ఇంగ్లీషాయన ఒక పాత పుస్తకంలో దాని ప్రస్తావన చూసి, కొన్నేళ్ళు ఇండియాకి తిరిగి తిరిగి, ఇటావా ప్రాంతంలో దాని ఆనవాలు పట్టుకుని 2001లో పుస్తకం రాశాడు. ఆసక్తి ఉన్నవాళ్ళు తెప్పించుకుని చదవండి.

ఇంకొక్కటి చెప్పి ఇంటికొస్తాను. మా అమ్మ అంత ప్రేమగా తలుచుకునే చిల్లచెట్టు, సర్కారు తుమ్మ, అది మనది కాదు. అమెరికా ఖండాలది. మద్రాసు అటవీశాఖ 1870ల చివర్లో కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో దాన్ని నాటింది. ఈ మాట చెబితే అమ్మ ఒక్క నిమిషం ఆలోచించి, "అయితే ఆ చెట్టుక్కూడా విజిటర్ వీసాయేనా?" అంది.

దడి మీదికి తీగలు ఎక్కించడం ఏప్రిల్, మే నెలల్లో చేశాం. మా వైపు హనీసకిల్, అడవి గులాబీ పెట్టాం. ఇవి ఏళ్ళతరబడి ఉండి, కింద కొమ్మలు పుచ్చినా దడిని పట్టి ఉంచుతాయి. ఒకటే జాగ్రత్త, మొదటి ఏడాదే బరువు తీగలు ఎక్కిస్తే కొత్త దడి కుంగుతుంది. ఆ ఏడాదికి రన్నర్ బీన్స్ పెట్టాం. మధ్య అమెరికా నుంచి వచ్చిన ఈ చిక్కుడుని పదిహేడో శతాబ్దంలో ఇంగ్లీషువాళ్ళు ఎర్రటి పూల అందం కోసం పెంచుకునేవారట, కాయ తినడం తర్వాత నేర్చుకున్నారు. అమ్మకి బీరపాదు పెట్టాలని ఒకటే పట్టుదల. పక్కింటాయన తన గాజుగదిలో నారు పోయనిచ్చారు. జూలై 19న కానింగ్స్‌బీలో 40.3 డిగ్రీలు వచ్చి ఇంగ్లండంతా అల్లాడిపోతుంటే, బీరతీగ ఒక్కటే ఊరిని తలుచుకున్నట్టు మూరెడు సాగింది. రెండు కాయలు కాసింది. ఒకటి ఆయనకి ఇచ్చాం. ఏం చేసుకున్నారో అడగలేదు. ఆ నెలాఖరుకి అమ్మ వెళ్ళిపోయింది.

ఎలుకలు వచ్చాయా అంటే, ఒకసారి వచ్చాయి. పక్షులకి వేసే గింజలు కింద పడకుండా చూసుకున్నాక పోయాయి. ఆ శీతాకాలం పెద్దాయన తన ఆపిల్ చెట్టు కత్తిరించి, కొమ్మలు తెచ్చి దడి పక్కన పెట్టి, చెప్పకుండా వెళ్ళిపోయారు. తర్వాత శీతాకాలం కూడా అంతే. 2024లో ఆయన ఇల్లు అమ్మేసి కూతురి దగ్గరికి వెళ్ళారు. కొత్తగా వచ్చినవాళ్ళు మంచివాళ్ళే. చిన్నపిల్లలున్నారు, ముళ్ళు గుచ్చుకుంటాయని వాళ్ళ వైపు పలకల కంచె పెట్టించుకున్నారు. వాళ్ళ స్థలంలో వాళ్ళు. నేను అనడానికేం లేదు. ఇప్పుడు ఆపిల్ కొమ్మలు రావు. దడి ఏటా జానెడు కుంగుతోంది, ఈ శీతాకాలానికి నడుము దాకా వచ్చింది. అడుగు పొర నల్లటి మట్టి అయిపోయింది, వేలు పెడితే దిగుతోంది. దానిలో రెన్ అనే చిట్టిపిట్ట గూడు పెట్టింది. అమ్మకి మోకాళ్ళనొప్పులు, ఇక ప్రయాణం చేయలేనంటోంది. వీడియో కాల్‌లో మొదట పిల్లల్ని చూపించమంటుంది, తర్వాత దడిని చూపించమంటుంది. పోయిన ఆదివారం చూసి, "ఆ మూల గండి పడిందిరా, పూడ్చు" అంది.

శనివారం పొద్దున కొత్త గుంజలు తెస్తున్నాను. కెటరింగ్ చుట్టుపక్కల ఎవరి పెరట్లోనైనా కత్తిరించిన కొమ్మలుంటే దయచేసి కౌన్సిల్ బిన్నులో పడేయకండి. ఒక్కమాట చెబితే నేనే వచ్చి పట్టుకెళతాను.